బిఫోర్ బాబాయి

మనిషిని అందంగా చూపించి డబ్బు పుచ్చుకునేవాళ్ళు వీధికి నలుగురుంటారు. వికారంగా చూపించి నెల తిరిగేసరికి జీతం తీసుకునేవాడు మాత్రం అతనొక్కడే. ఆ చర్మం క్లినిక్‌లో అందరూ అతన్ని బిఫోర్ బాబాయి అంటారు. కౌంటరు దగ్గర కూచునే అమ్మాయి పెట్టిన పేరది. వెనకాల అనుకోవడం కాదు, ముఖం మీదే పిలుస్తుంది. అతను కోపం తెచ్చుకోకపోగా లోలోపల మురిసిపోతాడు. ఆ మేడ మొత్తంలో పనితనం ఉన్నవాణ్ణి తానొక్కణ్ణే అని అతని నమ్మకం.

క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. కింద కళ్ళజోళ్ళ కొట్టు, పైన ట్యూషన్లు, మధ్యలో ఈ దవడల వ్యాపారం. వయసు మీద పడ్డాక దవడ గీత చెరిగిపోతుంది కదా. బుగ్గలు కిందికి జారి గడ్డానికి అటూ ఇటూ వేలాడతాయి. ముఖం ఎక్కడ ఆగిందో మెడ ఎక్కడ మొదలైందో తెలియదు. అక్కడ ఎముక వెంబడి సూదితో చిక్కటి జెల్లు ఎక్కిస్తే ఆ గీత మళ్ళీ లేచి నిలబడుతుంది. ఏడాదో ఏడాదిన్నరో ఉంటుంది. తర్వాత ఆ జెల్లు ఒంట్లోనే కరిగిపోతుంది, మనిషి మళ్ళీ వచ్చి కుర్చీలో కూచుంటాడు. కొన్నవాడి ఒంట్లోనే సరుకు మాయమైపోతుంటే, వాడే మళ్ళీ దండం పెట్టి కొనడానికి వస్తుంటే, ఇంతకంటే మంచి బేరం ఇంకోటుందా అంటాడు బిఫోర్ బాబాయి.

సూదికి ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో. ముందుది బిఫోర్, తర్వాతది ఆఫ్టర్. రెండూ పక్కపక్కన అతికించిన ఆల్బమ్ హాల్లో బల్ల మీద ఉంటుంది. వచ్చినవాళ్ళు అది తిరగేస్తూ, తమ గడ్డం తామే తడుముకుంటూ కూచుంటారు. ఆఫ్టర్‌దేముంది, ఎవడైనా తీస్తాడు. విద్యంతా బిఫోర్‌లోనే ఉంది.

బిఫోర్‌కి అతను పొట్టి స్టూలు వేస్తాడు. దాని మీద కూచుంటే ఎంతటివాడికైనా నడుము కుంగుతుంది, మెడ భుజాల్లోకి దిగుతుంది. కిటికీ తెర వేసేసి నెత్తిన ఉన్న లైటొక్కటే ఉంచుతాడు. అది కళ్ళ కింద గుంటలు తవ్వి, దవడ కింద మసి పూస్తుంది. “గడ్డం కాస్త దించండి. ఇంకాస్త. నవ్వకండి. ఊపిరి వదిలెయ్యండి” అంటాడు. ఊపిరి వదిలిన మనిషి ముఖం వదులవుతుంది. సరిగ్గా అప్పుడు నొక్కుతాడు. కొత్త పెళ్ళికొడుకుని తెచ్చి కూచోబెట్టినా, పింఛను ఆగిపోయి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాడిలా పడతాడు ఆ ఫోటోలో.

ఆఫ్టర్‌కి ఎత్తు కుర్చీ. తెర తీసేసి, ఒళ్ళో ఓ తెల్ల అట్ట పెట్టిస్తాడు. కిటికీ వెలుతురు దాని మీద పడి గడ్డం కిందికి ఎగురుతుంది. “నాలుక పైన అంగిట్లో ఆనించండి. మెడ కొంచెం ముందుకు. ఇప్పుడు మీకు ఇష్టమైనవాళ్ళని తలుచుకోండి.” నాలుక అంగిట్లో ఆనిస్తే గడ్డం కింద కండ దానంతటదే బిగుసుకుంటుంది. సూది చేసింది పావు వంతు, తను చేసింది ముప్పావు వంతు అని అతని లెక్క. ఈ గుట్టు డాక్టరుకి తెలుసు, అతనికి తెలుసు. మూడో మనిషికి తెలియదు. విద్య ఇంట్లో కూడా చెప్పకూడదని అతని పంతం.

ఇక ఆ కుర్చీలో కూచునేవాళ్ళంటే అతనికి పరమ చీదర. నలభై ఏళ్ళు కిందివాళ్ళ మీద అరిచి అరిచి దవడ జారగొట్టుకున్న రిటైర్డు ఆఫీసరొకడు వస్తాడు. ఇప్పుడు అరుద్దామంటే వినేవాడు లేడు కాబట్టి, గీత నిలబెట్టుకుని పొద్దున్నే పార్కులో ఊరేగుతాడట. నెత్తిన ఒక్క వెంట్రుక లేని కాంట్రాక్టరొకడు దవడ మాత్రం కత్తిలా ఉండాలంటాడు. ఒకావిడకి తన దవడ ఎలా ఉందో అక్కర్లేదు, తోటికోడలి దవడ కంటే బాగుంటే చాలు. ఫోటో చూసుకుని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళూ ఉంటారు. అలాంటప్పుడు అతను కెమెరా తుడుచుకుంటూ పెదవి విరుస్తాడు. పైన పటారం లోన లొటారం, వీళ్ళకి సూది గుచ్చాల్సింది దవడకి కాదు బుర్రకి, అనుకుంటాడు. ఆ కన్నీళ్ళు తన లైటు తెప్పించినవే అన్న మాట అతనికి తోచదు. తోచినా జీతం తోచినంత గట్టిగా తోచదు.

డాక్టరంటే మరీ లోకువ. ఏదో పెద్ద హోటల్ హాల్లో రెండ్రోజులు కూచుని, మధ్యాహ్నం భోజనం చేసి, సర్టిఫికెట్టు పట్టుకొచ్చి గోడకి కొట్టిన మనిషి. తన దవడ మీద తనే ప్రయోగం చేసుకున్నాడో, ఎవడిచేతైనా చేయించుకున్నాడో గాని, నవ్వితే ముఖం పై సగమే నవ్వుతుంది. కింది సగం సెలవులో ఉంటుంది. వచ్చిన ప్రతి ఆడమనిషినీ “అమ్మా” అంటాడు, ప్రతి మగాణ్ణీ “సార్” అంటాడు, గొంతులో తేనె కారుస్తూ మాట్లాడతాడు.

సాయంత్రం ఇంటికెళ్ళాక అన్నం ముందు కూచుని ఇదంతా అభినయించి చూపించడం బిఫోర్ బాబాయికి అలవాటు. “ఇవాళ ఓ దవడ వచ్చిందే, చూసి తీరాలి. రెండు గోనెసంచులు తగిలించుకుని నడిచొచ్చినట్టుంది” అని మొదలుపెడతాడు. గడ్డం లాగి, మెడ కుదించి, వాళ్ళ నడక నడిచి చూపిస్తాడు. భార్య మొదట్లో పడీపడీ నవ్వేది. తర్వాత్తర్వాత వినేది. ఈమధ్య పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ ఊఁ కొడుతోంది. అతనికి ఆ తేడా తెలియలేదు. ఎదురుగా ఓ మనిషి ఉంటే చాలు అతనికి, ఆ మనిషి ఏం చేస్తోందన్నది అనవసరం.

ఆవిడ చిన్నపిల్లల బళ్ళో పంతులమ్మ. యాభై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బళ్ళోనే చెప్పి చెప్పి, మొన్నీమధ్యే దానికి పెద్ద పంతులమ్మ అయింది. ఆ ఆఫీసు గదిలో ఇదివరకటి హెడ్మాస్టర్ల ఫోటోలన్నీ వరసగా గోడకి ఉంటాయి. అందరూ మగవాళ్ళే, అందరూ గడ్డాలెత్తుకుని, పిల్లలు పారిపోతారేమోనని కాపలా కాస్తున్నట్టు చూస్తుంటారు. ఆ వరస చివర ఈవిడ ఫోటో పెట్టాలి.

“ఏమండీ, ఆఫీసులో పెట్టడానికి ఫోటో కావాలట. బయటెక్కడో ఎందుకు, మీరే తియ్యండి” అంది ఒక సాయంత్రం. అన్నాక వెళ్ళి మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. కాస్త సిగ్గుపడుతూనే వచ్చింది.

అతను అప్పటికి ఏడు బిఫోర్లు తీసి వచ్చాడు. ఒళ్ళు హూనమై ఉంది. వంటింట్లోంచి పొట్టి స్టూలు లాగి, గోడకి చేరేసి కూచోబెట్టాడు. నెత్తిన ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. “గడ్డం దించు. నవ్వకు. ఊపిరి వదిలెయ్” అన్నాడు. రెండుసార్లు నొక్కాడు. అక్కడికక్కడే ఆమె ఫోనుకి పంపేసి, మజ్జిగ తాగి పడుకున్నాడు. చేతికి అలవాటైన పని చెయ్యి చేసుకుపోయింది. కొంప మునిగింది అక్కడే.

ఆవిడ మర్నాడు దాన్ని కొట్లో అచ్చు వేయించింది. బడికి మాత్రం ఇవ్వలేదు. బ్యాగులో పెట్టుకుని వెళ్ళడం, బ్యాగులోనే తిరిగి తేవడం. మూడు వారాలు గడిచాయి. ఇచ్చావా అని అతను అడగలేదు.

బుధవారం అతనికి సెలవు. ఆ బుధవారం పదిన్నరకి, కాళ్ళు బార్లా చాపుకుని కూచున్నవాడికి కౌంటరు అమ్మాయి ఫోను చేసింది.

“బాబాయ్, డాక్టరు గారు ఒక్కసారి రమ్మంటున్నారు. కొత్త ఆల్బమ్ అచ్చుకి పోతోంది కదా, మాంఛి బిఫోర్ ఒకటి తగిలిందట. అసలు మీరు లైటు కూడా మార్చక్కర్లేదంటున్నారు.”

“అంత జారిందా?” అని పకపకా నవ్వాడు.

“నేనింకా చూడలేదు బాబాయ్. ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకునే లోపలికెళ్ళింది పాపం.”

“ఉంచమను, ఉంచమను. వస్తున్నా” అన్నాడు. సెలవు పోయిందన్న చిరాకు కూడా లేకుండా చొక్కా తగిలించుకున్నాడు. మంచి సరుకంటే అతనికి అంత హుషారు.

హాల్లో అడుగు పెట్టగానే మూల కుర్చీలో మరదలు కనిపించింది. భార్యకి చెల్లెలు, ఆరేళ్ళు చిన్నది. అతన్ని చూసి తేలు కుట్టిన దొంగలా అయిపోయింది.

“బావా! ఇవాళ నీకు సెలవు కదా?” అంది.

“ఓహో, నా సెలవు చూసుకుని వచ్చావన్నమాట. ఏం మరదలా, నీ దవడకీ మూడిందా?”

ఆమె తలుపు వంక చూసింది, అతని వంక చూసింది. “ఊరికే... అడిగి పోదామని” అంది గొణుగుతూ.

“అడగడమేమిటి, ఇక్కడికొచ్చినవాళ్ళంతా ఊరికే అడగడానికే వస్తారు. పోయేటప్పుడు మూతి వాచి పోతారు. సిగ్గుండాలి. మీ అక్కని చూసి నేర్చుకో. నీకంటే పెద్దది, ఏనాడైనా ఇలాంటి వేషాలు వేసిందా? వయసొచ్చింది, ఒప్పుకుని కూచుంది. మనిషన్నాక అలా ఉండాలి.”

అతను మంచి ఊపులో ఉన్నాడు. మరదలు మళ్ళీ తలుపు వంక చూసింది. దాన్ని సిగ్గనుకుని, ఆమె నెత్తి మీద చిన్నగా ఒక మొట్టికాయ వేసి, కెమెరా సంచీ సర్దుకుని లోపలికి పోయాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడడానికి ఇంక నాలుగడుగులే ఉంది.

గదిలోకి వెళుతూనే అతను మనిషిని చూడడు. ముందు తెర, తర్వాత లైటు, తర్వాత స్టూలు. మనిషి ఆఖరు. తెర లాగాడు. నర్సమ్మ పొట్టి స్టూలు అప్పటికే వేసి ఉంచింది, దాని మీద ఎవరో కూచుని ఉన్నారు. అటు వీపు పెట్టి లెన్సు తుడుచుకుంటూ, “గడ్డం కాస్త దించండమ్మా. ఇంకాస్త. నవ్వకండి” అన్నాడు.

“దించాను” అంది ఆవిడ.

ఆ గొంతుకి అతని చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగాడు. నెత్తిన లైటు, కింద పొట్టి స్టూలు, మధ్యలో అతని భార్య. చెవి దగ్గర్నించి గడ్డం దాకా రెండు వైపులా, సూది దిగాల్సిన చోట డాక్టరు తెల్ల పెన్సిలుతో పెట్టిన గీతలు, చుక్కలు. ఈ టైముకి బళ్ళో ఉండాల్సిన మనిషి. గడ్డం దించుకుని, కళ్ళు మాత్రం ఎత్తి అతన్నే చూస్తోంది.

డాక్టరుకి ఇవేమీ తెలియవు. ఆవిణ్ణి బిఫోర్ బాబాయి ఎప్పుడూ క్లినిక్ గడప తొక్కనివ్వలేదు, అక్కడ ఎవరికీ ఆవిడ తెలియదు. “రావయ్యా, రా. ఒక చోద్యం చూపిస్తాను” అని ట్రేలోంచి ఓ ఫోటో తీసి చేతికిచ్చాడు. “అమ్మగారు తెచ్చుకున్నారు. ఇలా ఉన్నానని వారే చూపించారు, నేను ఒక్క ముక్క చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవడు తీశాడో గాని, నీ దగ్గర పని నేర్చినవాడే. దీన్నే బిఫోర్‌గా పెట్టేద్దామా అనిపించింది.”

తను తీసిన ఫోటోని అతను మొదటిసారి చూశాడు. తీసిన మూడు వారాలకి.

వంటింటి గోడ. దాని ముందు, కళ్ళ కింద గుంటలతో, మెడలోకి కారిపోయిన దవడతో, బతుకు మీద ఆశ వదిలేసుకున్న ఓ ముసలమ్మ. లోకంలో ఎవరికీ అక్కర్లేని మనిషిలా ఉంది. పనితనంలో వంక పెట్టడానికి లేదు.

అతను లైటు ఆర్పాడు. తెర బర్రున లాగి తీసేశాడు. కిటికీ వెలుతురు వచ్చి ఆవిడ ముఖం మీద పడింది. కొంచెం జారింది, అవును. యాభై రెండేళ్ళ ముఖం ఎంత జారాలో అంతే జారింది. ఆ ఫోటోలో మనిషికీ ఈ మనిషికీ పదిహేనేళ్ళ తేడా ఉంది.

“ఏంటయ్యా ఇది?” అన్నాడు డాక్టరు. “ఈ వెలుతుర్లో బిఫోర్ తీస్తే ఇంక ఆఫ్టర్ ఎవడు చూస్తాడు?”

“ఆవిడ నా భార్యండీ.”

నర్సమ్మ చేతిలో దూది ఆగిపోయింది. డాక్టరు ముఖం పై సగం తెల్లబోయింది.

“లే, ఇంటికి పోదాం” అన్నాడు భార్యతో.

ఆవిడ లేవలేదు. “మీకు సెలవని బుధవారం వచ్చాను. ఇంకో చోటెక్కడుందో నాకు తెలియదు. మూడేళ్ళుగా మీరు రోజూ చెప్పేది ఇక్కడి కబుర్లే కదా. తిడుతూనే అయినా, గీత నిలబడుతుందనే చెప్పారు. నన్నూ రేపు అన్నం ముందు కూచుని అభినయిస్తారని తెలుసు. ఎవరి ముందు చేస్తారో మరి.”

అతనికి సంగతి అర్థమైంది. ఈ సూదికి కారణం దవడ కాదు, ఆ ఫోటో. ఆ ఫోటో తనది. అబద్ధమని చెప్పకపోతే సూది దిగుతుంది. చెబితే ఉద్యోగం పోతుంది, డాక్టరు ఎదురుగానే ఉన్నాడు. అతని జన్మలో ఒక్కసారి, ఆలస్యంగానైనా, లాభం చూసుకోకుండా నోరు విప్పాడు.

“అది నీ ముఖం కాదే. నేను చేసింది. ఇక్కడందరికీ అలాగే చేస్తాను. పొట్టి స్టూలు వేస్తే మెడ దిగిపోతుంది. నెత్తిన లైటుంటే దవడ కింద నల్లగా పడుతుంది. ఊపిరి వదలమంటే ముఖం వేలాడుతుంది. తర్వాత కుర్చీ ఎత్తి, తెల్ల అట్ట పెట్టి, నాలుక అంగిట్లో ఆనించమంటాను. గీత ముప్పావు వంతు అక్కడే వస్తుంది. హాల్లో ఆల్బమ్ అంతా అంతే. నీకు సూది అక్కర్లేదు. లే.”

“నోరు ముయ్యి!” అన్నాడు డాక్టరు. గొంతులో తేనె ఒక్క చుక్క లేదు. “అమ్మా, మీరేం పట్టించుకోకండి. సూది పని సూది చేస్తుంది. ఫోటోలకి లైటు అవీ ఎక్కడైనా మామూలే.”

ఆవిడ డాక్టరు మాట వినిపించుకోలేదు. చెయ్యి చాపింది. అతను ఫోటో ఇచ్చాడు. దాన్ని కాసేపు చూసి, ఒళ్ళో పెట్టుకుంది.

“అయితే ఆ రోజు నన్ను ఇలా తియ్యాలనే తీశారా?”

“లేదు లేదు. చెయ్యి అలవాటుగా పోయింది. ఒట్టు.”

“చెయ్యి సరే. కళ్ళెటు పోయాయి?”

అతను కెమెరా పట్టీ సర్దుకున్నాడు.

“తీశాక చూశారా?”

“...లేదు.”

“నాకు పంపాక?”

“లేదే. అలసిపోయి ఉన్నాను.”

“మూడు వారాలైంది. గోడకి పెట్టారా, ఎలా ఉంది, ఎవరైనా ఏమన్నా అన్నారా, ఒక్క మాట అడగలేదు.” ఆవిడ గొంతు పెరగలేదు. బళ్ళో పిల్లలకి లెక్క తప్పు ఎక్కడ వచ్చిందో చూపించినట్టే మాట్లాడుతోంది. “ఇది చూసి నాకు మీ మీద కోపం రాలేదండీ. ఇరవై తొమ్మిదేళ్ళు నన్ను చూసిన మనిషి, చూడడమే ఉద్యోగంగా ఉన్న మనిషి. ఆయన చూసి తీశాడు, ఆయనకి ఇలా కనిపించాను, అయితే ఇలాగే ఉన్నాననుకున్నాను. వికారంగా ఉన్నానని ఏడ్చాను గాని, మీరు చూశారన్న నమ్మకం మాత్రం పోలేదు. ఇప్పుడు తెలిసింది, మీరసలు చూడనే లేదు. ఇంతకంటే నిజంగా వికారంగా ఉన్నానన్నా బాగుండేది.”

“ఇప్పుడు చూస్తున్నాను కదే! బాగున్నావు. నీకేం తక్కువ?”

“మీరు ఇందాక లైటార్పాకే చూశారు. డాక్టరు గారు నేనొచ్చినప్పట్నించీ చూస్తున్నారు.”

“డబ్బు కోసం చూస్తున్నాడే వాడు!” అని అరిచాడు. డాక్టరు అక్కడే ఉన్నాడన్న మాట మరిచిపోయాడు.

“డబ్బు కోసమే కానివ్వండి. ముప్పావుగంట చూశారు. అటు తిరగమన్నారు, ఇటు తిరగమన్నారు. నవ్వితే ఎడమ పక్క ముందు లేస్తుందని చెప్పారు. నాకే తెలియదు ఆ సంగతి. గడ్డం కింద చిన్న మచ్చ ఉంది కదా, అదెలా వచ్చిందని అడిగారు. మీకు తెలుసా అది ఎలా వచ్చిందో?”

అతను మచ్చ కోసం చూశాడు. తెల్ల గీతలు, చుక్కలు, వాటి మధ్య ఎక్కడో ఉండాలి. కుడి పక్కనా, ఎడమ పక్కనా? ఒంగి చూడబోయాడు. ఊళ్ళో ప్రతి అడ్డమైనవాడి గడ్డం కిందా మడతలు లెక్కపెట్టి చెప్పగలడు. ఇరవై తొమ్మిదేళ్ళు పక్కన పడుకున్న మనిషి మచ్చ దొరకలేదు.

“ఉండనీండి, వెతక్కండి” అంది ఆవిడ.

లేచి స్టూలు పక్కకి నెట్టి, గది మధ్యలో ఉన్న పెద్ద కుర్చీ దగ్గరికి వెళ్ళింది. అతను అడ్డం వెళ్ళాడు. “సూది అక్కర్లేదని చెప్పాను కదే. ఆ ఫోటో అబద్ధం!”

“విన్నానండీ. అబద్ధమైతే అక్కర్లేదు, నిజమే. కాని ఎన్నాళ్ళకో నా ముఖం మీద ఒకళ్ళు ఇంత శ్రద్ధ పెడుతుంటే మధ్యలో లేచిపోబుద్ధి కావడం లేదు.” కుర్చీలో వెనక్కి వాలింది. “కానివ్వండి డాక్టరు గారూ. కొంచెం చాలు.”

డాక్టరు ముఖం పై సగం వెలిగిపోయింది. వెంటనే గొంతులోకి తేనె వచ్చింది. “మీరు కళ్ళు మూసుకోండమ్మా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే.” తర్వాత బిఫోర్ బాబాయి వైపు తిరిగి, “నువ్వు బయటికి పో. నీ సంగతి తర్వాత” అన్నాడు.

అతను భార్య వంక చూశాడు. ఉండమంటుందేమో, చెయ్యి పట్టుకోమంటుందేమో అని. ఆవిడ చెయ్యి నర్సమ్మ పట్టుకుని ఉంది.

బయటికి వచ్చి హాల్లో నిలబడ్డాడు. మరదలు లేచి నిలుచుంది. అతని ముఖం చూసి పక్కకి తప్పుకుంది. కౌంటరు అమ్మాయి మాత్రం, “ఏం బాబాయ్, ఎలా ఉంది సరుకు?” అంది నవ్వుతూ. అతనికి ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. ఆ మాట ఆ పిల్లకి నేర్పినవాడు తనే కాబట్టి ఊరుకున్నాడు.

ఇరవై నిమిషాలు పట్టింది. లోపల్నించి డాక్టరు గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. ఒకసారి ఏదో అన్నాడు, ఆవిడ నవ్వింది. అన్నం ముందు తన అభినయం చూసి పడీపడీ నవ్వే రోజుల్లో నవ్విన నవ్వది. చివరిసారి ఎప్పుడు విన్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు, గుర్తు రాలేదు. ఆ డాక్టరు వెధవ ఏమని నవ్వించాడో కూడా అంతు పట్టలేదు.

తలుపు తీసుకుని నర్సమ్మ వచ్చింది. “ఫోటో తియ్యాలట” అంది.

అతను ఒక్క ఉదుటున కెమెరా అందుకున్నాడు. పెద్ద కుర్చీ ఎత్తించాలి, తెర పూర్తిగా తీయించాలి, తెల్ల అట్ట బీరువా మీదుంది. ఈసారి చూసి తీస్తాడు. అరగంట చూస్తాడు, గంట చూస్తాడు. మచ్చ సంగతి కూడా అడుగుతాడు.

“మీరు కాదు బాబాయ్” అంది నర్సమ్మ, నేల చూపులు చూస్తూ. “బడి గోడకి పెట్టేది ఇదేనట. చెల్లెల్ని రమ్మంటున్నారు.”

మరదలు సంచీలోంచి ఫోను తీసుకుంది. అతను ఆమె వెంట తలుపు దాకా వెళ్ళాడు. “కిటికీ వైపు తిప్పి కూచోబెట్టు. అట్ట ఒళ్ళో పెట్టించు. నాలుక అంగిట్లో ఆనించమను, మర్చిపోకు. మెడ కొంచెం ముందుకి...”

“ఎందుకు బావా అవన్నీ” అంది మరదలు. “అక్కే కదా.”

తలుపు వేసుకుంది. లోపల అక్కాచెల్లెళ్ళు ఏదో మాట్లాడుకుంటున్నారు. అతను మెడలో కెమెరాతో అక్కడే నిలబడ్డాడు.